రెండో అరలోని పనిముట్లు

ఈమధ్య ఒక సాయంత్రం, కొత్తపేటలో మా వీధిలోనే ఉంటూ ఇంటి నుంచే కంప్యూటరు ఉద్యోగం చేసుకునే అమ్మాయి ఒకామె కరివేపాకు కోసం వచ్చి కాసేపు కూర్చుంది. ఉద్యోగాల మాటలు వచ్చాయి. "ఆంటీ, మీ రోజుల్లో బిన్ వేరు, ఎస్‌బిన్ వేరు కదండీ. ఇప్పుడు కొత్తగా వచ్చే కొన్నిట్లో రెండూ కలిపేస్తున్నారండి. విడిగా ఉంచి లాభం లేదంటున్నారు" అంది.

ఆ అమ్మాయి చెప్పింది నిజమే. కలపడానికి వాళ్ళు చెప్పే కారణాలూ సబబుగానే ఉన్నాయి. నేను వాదించలేదు. కరివేపాకు కోసిచ్చి పంపించాను. కాని ఆమె వెళ్ళాక గేటు దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. ఉద్యోగం చేసిన ఇన్నేళ్ళలో నాకు నోట మాట రాని రోజు ఒకటుంది. ఆ రోజుకి ఈ రెండు పేర్లతో సంబంధం ఉంది. మీలాంటి చిన్నవాళ్ళు చదువుతారని రాస్తున్నాను.

కంప్యూటర్ల పని తెలియనివాళ్ళ కోసం ముందు ఒక సంగతి చెప్పాలి. యూనిక్స్ కుటుంబానికి చెందిన ఆపరేటింగ్ సిస్టమ్‌లలో మనం టైపు చేసే ప్రతి ఆజ్ఞ వెనకా ఒక చిన్న ప్రోగ్రాము ఉంటుంది. వాటిని తయారుచేసినవాళ్ళు రెండు అరల్లో సర్దిపెట్టారు. మొదటి అర బిన్. తేదీ చూసుకోవడం, ఫైలు చదువుకోవడం, నకలు తీసుకోవడం, ఇలా అందరికీ రోజూ కావలసినవి అందులో ఉంటాయి. రెండో అర ఎస్‌బిన్. యంత్రాన్ని ఆపేసేది, దెబ్బతిన్న డిస్కును బాగుచేసేది, డిస్కును మొత్తం తుడిచి కొత్తదానిలా చేసేది, మనుషుల పేర్లు చేర్చేది, తీసేసేది అందులో ఉంటాయి. మామూలు పేరుతో లోపలికి వచ్చినవాళ్ళకి మా రోజుల్లో ఆ రెండో అర ఎదురుగా కనిపించేది కాదు. ఆ పేరేదైనా టైపు చేస్తే అలాంటి ఆజ్ఞ లేదనేది. ఎక్కడుందో తెలుసుకుని పిలిచినా, నీకు పర్మిషన్ లేదనేది. అన్ని అధికారాలూ ఉన్న పేరు ఒక్కటే. దాన్ని రూట్ అంటాం. రూట్‌గా వచ్చినవాళ్ళని సిస్టమ్ ఎందుకని అడగదు. తుడిచెయ్యమంటే తుడిచేస్తుంది.

రాజమండ్రిలో శిక్షణ తీసుకునేటప్పుడు మా మాస్టారు ఈ సంగతి చెప్పి, "ఇది ఇలా పెట్టినవాళ్ళు మనల్ని ఎప్పుడూ చూడలేదమ్మా. మన ఊరు పేరు కూడా విని ఉండరు. కాని మనిషి చెయ్యి ఎక్కడ జారుతుందో వాళ్ళకి ముందే తెలుసు" అన్నారు. క్లాసులో మిగతావాళ్ళు రాసుకుంటున్నారు. నేను రాయడం ఆపేశాను. ఎక్కడో సముద్రాల అవతల, నేను పుట్టకముందో పుట్టిన కొత్తల్లోనో, ఎవరో కూర్చుని నాలాంటిదాని చెయ్యి గురించి ఆలోచించారు. ఆ ఆశ్చర్యం నాకు ఇప్పటికీ పోలేదు.

ఇక అసలు సంగతి. అమలాపురంలో నేను కంప్యూటర్ల బాధ్యురాలిగా చేరిన ఆసుపత్రి ఒక పెద్ద డాక్టరమ్మగారిది. ఆవిడ సర్జన్. మాట తక్కువ. మేడ మీద చిన్న గదిలో సర్వర్, అంటే అందరి సమాచారం దాచే పెద్ద యంత్రం, ఉండేది. ఓపీ కౌంటరు, మందుల షాపు, ల్యాబు, వార్డులు, అన్నిచోట్లా దానికి కలిపిన తెరలు ఉండేవి. నేను చేరేసరికి ఆ తెరలన్నిటి మీదా అందరూ రూట్‌గానే లోపలికి వస్తున్నారు. పెట్టి వెళ్ళిన కంపెనీ కుర్రాడు పని సులువని అలా వదిలేశాడట. పాస్‌వర్డు ఆసుపత్రి పేరే. బస్టాండులో ఆటోవాళ్ళని అడిగినా చెప్పేసేలా ఉండేది.

ల్యాబులో పెద్ద టెక్నీషియన్‌గారు ఒకాయన ఉండేవారు. రాజోలు వైపు మనిషి. కొబ్బరి తోటలు, వరి చేలు ఉన్న కుటుంబం. ఆసుపత్రి తెరిచిన రోజు నుంచీ ఉన్నారు. ఎప్పుడూ తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. అందరూ ఆయన్ని పెద్దాయనగారు అనేవారు. ఆయనకి సాయంత్రం ఇంటికి వెళ్తూ తన తెర ఆపుకుని వెళ్ళే అలవాటు. ఒకరోజు తెర బొత్తాం పనిచెయ్యక, ఎవరో చెప్పిన హాల్ట్ అనే ఆజ్ఞ టైపు చేశారు. అది తన తెరని ఆపుతుందనుకున్నారు. అది ఆపింది మేడ మీద యంత్రాన్ని. ఒక్కసారిగా అన్ని తెరలూ నల్లబడిపోయాయి. మందుల షాపు దగ్గర జనం. ఆపరేషన్ థియేటరులో పెద్ద డాక్టరమ్మగారు రక్తపరీక్ష రిపోర్టు కోసం నర్సుని పంపితే, ఆ నర్సు నల్ల తెర ముందు నిలబడి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని కావడానికి ఎంతో దూరం లేదు.

మర్నాడు పెద్ద డాక్టరమ్మగారు నన్ను పిలిచారు. ఆవిడ పక్కన నర్సులకి పెద్ద అయిన మేట్రన్‌గారు నిలబడి ఉన్నారు. మేట్రన్‌గారు ముక్తేశ్వరం మనిషి, మా చర్చివాళ్ళకి చుట్టరికం. నేను అక్కగారు అనేదాన్ని.

"ల్యాబులో కూర్చున్న మనిషి మొత్తం ఆసుపత్రిని ఎలా ఆపగలిగేరు?" అని డాక్టరమ్మగారు అడిగారు.

నేను రెండు అరల సంగతి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"అయితే ఎవరికి ఏ పనుంటే అంతవరకే ఇవ్వొచ్చన్నమాట."

"అవునండి. ఎవరి పేరుతో వాళ్ళు వస్తారు. వాళ్ళ పనులన్నీ అవుతాయి. యంత్రాన్ని ఆపడం, తుడవడం లాంటివి మాత్రం అందవండి."

"నీకో?"

"నేను కూడా రోజూ మామూలు పేరుతోనే వస్తానండి. అవసరమైనప్పుడు ఆ ఒక్క పనికి అధికారం తీసుకుని, అవగానే వదిలేస్తాను. మాకు నేర్పింది అదేనండి. మీకు మాత్రం రూట్ పాస్‌వర్డు ఇస్తాను. ఆసుపత్రి మీది కదండీ."

ఆవిడ, "నాకూ వద్దు" అన్నారు. "నేను థియేటరు నుంచి చిరాగ్గా వస్తాను. నిద్ర లేకుండా వస్తాను. అలాంటప్పుడు నా చేతికి అది అందకూడదు."

ఆ మాటకి నేను తెల్లబోయాను. అప్పటికే కొన్నిచోట్ల పనిచేశాను. పెద్ద కుర్చీలో ఉన్నవాళ్ళు ఆ పాస్‌వర్డు అడగకపోవడం నేను చూడలేదు. వాడటం రాకపోయినా సరే, జేబులో ఉండాలనేవాళ్ళు.

"రేపు నీకేదైనా అవసరం వచ్చి ఊళ్ళో లేకపోతే?" అని మేట్రన్ అక్కగారు అడిగారు.

దానికి ముగ్గురం కలిసి ఒక దారి ఆలోచించాం. రూట్ పాస్‌వర్డు రెండు సగాలు. మొదటి సగం పెద్ద డాక్టరమ్మగారు టైపు చేస్తారు, రెండో సగం మేట్రన్‌గారు. ఒకరి సగం ఇంకొకరికి తెలియదు. మొత్తం నాకు కూడా తెలియదు. నా రోజువారీ పనికి నా పేరు మీద కొంత అధికారం ఉంటుంది, అది చాలు. యంత్రం మొదలంటా పాడై రూట్‌నే అడిగే పరిస్థితి వస్తే, వాళ్ళిద్దరూ వచ్చి నిలబడాలి. ఆ సగాలు పెట్టిన రోజున డాక్టరమ్మగారు టైపు చేస్తుంటే మేట్రన్‌గారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. తర్వాత డాక్టరమ్మగారు తిరిగారు. నేను గుమ్మం బయట నిలబడ్డాను.

అందరికీ ఎవరి పేర్లు వాళ్ళకి ఇచ్చాను. నర్సులు రెండు రోజుల్లో అలవాటు పడిపోయారు. చిక్కంతా పెద్దాయనగారి దగ్గర వచ్చింది. ఆయన ల్యాబులో కూర్చుని ఏదో టైపు చేసి, నన్ను పిలిపించారు. అక్కడ ఇంకా నలుగురు ఉన్నారు.

"ఇదేటండి, నాకు పర్మిషన్ లేదంటంది?"

"మీ పనికి అది అక్కర్లేదండి. ల్యాబు పనులన్నీ అవుతాయి."

"నాకు లేదని చెప్పడానికి దీనికెవరిచ్చేరండి అధికారం?"

"నేనే పెట్టానండి."

ల్యాబులో అందరూ పని ఆపి మా వైపు తిరిగారు. దానికి కారణం ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు. మా తాతగారు ఆయనలాంటివారి చేలల్లో కూలికి వెళ్ళిన మనిషి. మా నాన్నగారు మిషన్ బడిలో చదువుకుని మాస్టారయ్యారు. నేను కంప్యూటర్లు చదువుకున్నాను. ఆ నిమిషంలో ఆయన నా వైపు చూసిన చూపులో కోపం కంటే, ఇది ఇలా జరుగుతుందని ఎప్పుడూ అనుకోని మనిషి తెల్లబోవడమే ఎక్కువ ఉంది. పెన్ను జేబులో పెట్టుకుని లేచి వెళ్ళిపోయారు.

తర్వాత చాలాకాలం ఆయన నాతో నేరుగా మాట్లాడలేదు. నేను ఎదురుగా ఉన్నా పక్కవాళ్ళతో, "ఆ కంప్యూటరమ్మగారికి చెప్పండి, ల్యాబు ప్రింటరు ఆగింది" అనేవారు. నేను కూడా పక్కవాళ్ళతోనే "వస్తున్నానని చెప్పండి" అనేదాన్ని. ఆ మధ్యలో ఉన్న మనిషి మొహం చూస్తే జాలేసేది. కాని ఒకటి చెప్పాలి. ఆయన తన పేరుతో తప్ప ఇంకెవరి పేరుతోనూ ఎప్పుడూ లోపలికి రాలేదు. పక్కవాళ్ళ పాస్‌వర్డు అడిగి పని చేయించుకోవడం మిగతా అందరూ ఒకటి రెండుసార్లు చేశారు. ఆయన చెయ్యలేదు.

గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడు అది. ముక్తేశ్వరం దాటి, ఏటి మీద పల్లపు వంతెన అయిన కాజ్‌వే అవతల, గోదావరి మధ్య ఉన్న లంక ఊళ్ళో మా పెద్దమ్మ పోయింది. ఆదరణ కూటానికి, అంటే పోయినవాళ్ళ ఇంట్లో చర్చివాళ్ళు చేసే ప్రార్థనకి, వెళ్ళాను. తెల్లారేసరికి కాజ్‌వే మీదికి నీళ్ళు ఎక్కాయి. పడవలు కూడా ఆపేశారు. ఎర్రటి నీళ్ళలో అరటిచెట్లు, గడ్డివాములు కొట్టుకుపోతున్నాయి. నేను ఊళ్ళో ఉండిపోయాను.

పొద్దెక్కాక మేట్రన్ అక్కగారు ఫోన్ చేశారు. ఆవిడ గొంతు ఎప్పుడూ వణకదు. ఆ రోజు కూడా వణకలేదు గాని, మాటలు వేగంగా వచ్చాయి.

"అమ్మాయ్, కరెంటు పోయింది. జెనరేటరు అందుకునేలోగా నీ యంత్రం ఆగిపోయింది. మళ్ళీ లేవట్లేదు. తెర మీద రూట్ పాస్‌వర్డు ఇమ్మని ఇంగ్లీషులో అడుగుతోంది."

"డిస్కు దెబ్బతిన్నట్టుందక్కా. బాగుచేస్తే లేస్తుంది. నీళ్ళు తగ్గాక నేను వచ్చి..."

"అంత టైము లేదు. విను."

ఆవిడ చెప్పింది ఇది. కొబ్బరి దింపు తీసే మనిషి ఒకడు చెట్టు మీద నుంచి పడ్డాడు. లోపల రక్తం పోతోంది. స్పృహ లేదు. వెంటనే కడుపు తెరవాలి. అతని భార్య, ఇంతకుముందు ఇదే ఆసుపత్రిలో అతనికి ఆపరేషన్ చేసినప్పుడు మత్తు ఇచ్చే ఇంజెక్షన్లలో ఒకటి పడక మనిషి చచ్చి బతికాడని చెబుతోంది. ఏ మందో ఆమెకి తెలియదు. డాక్టర్లు రాసిచ్చిన కార్డు ఇంట్లో ఉంది. ఇల్లు నీళ్ళలో ఉంది. ఆ మందు పేరు మా యంత్రంలో ఉంది. వేరే ఆసుపత్రికి పంపడానికి రోడ్లు లేవు. మత్తు డాక్టరుగారు తనకి అలవాటైన మందులు సిద్ధం చేసుకుని ఎదురుచూస్తున్నారు.

యంత్రంలో ఉన్నదానికి నకలు నా దగ్గర ఉంది. కాని దాన్ని కొత్త యంత్రానికి ఎక్కించాలంటే ఒక పూట పడుతుంది.

"అక్కడ టైపు చెయ్యగలవాళ్ళు ఎవరున్నారక్కా?"

"వరదకి సగంమంది రాలేదు. పెద్దాయనగారున్నారు."

"ఆయన్నే కూర్చోపెట్టండి" అన్నాను.

ఫోన్‌లోనే అడుగుల చప్పుళ్ళు వినిపించాయి. పెద్ద డాక్టరమ్మగారు థియేటరు నుంచి మేడ ఎక్కి వచ్చారు. ఆవిడ టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది. "మేట్రన్‌గారూ, మీరు" అన్న ఆవిడ మాట, తర్వాత మళ్ళీ కీబోర్డు చప్పుడు. ఆ తర్వాత ఫోన్ చేతులు మారింది.

"నేనండి" అన్నారు పెద్దాయనగారు. చాలాకాలం తర్వాత ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

"బాబాయిగారండీ" అన్నాను. ఎందుకో ఆ పిలుపే వచ్చింది. "మీరిప్పుడు రూట్‌గా ఉన్నారు. మీరు ఏది కొట్టినా అది అడగదు, చేసేస్తుంది. కాబట్టి ముందు ఒకటి చెబుతాను, వినండి. మనకి కావలసింది బాగుచేసే పనిముట్టు. దాని పక్కనే తుడిచేసే పనిముట్టు కూడా ఉంటుంది. రెండు పేర్లూ దగ్గరగా ఉంటాయి. నేను ఒక్కో అక్షరం చెబుతాను. మీరు తిరిగి చదివి వినిపించాక, నేను సరే అన్నాకే ఎంటర్ నొక్కాలి."

"ఆయ్. అలాగేనండి."

"ఎఫ్."

"ఎఫ్ అండి."

"ఎస్."

"ఎస్ అండి."

"సీ" అన్నాను. అవతల చప్పుడు లేదు. ఫోన్ చూసుకుంటే సిగ్నల్ పోయింది.

ఆ తర్వాత నేను పడిన అవస్థ చెప్పడం కష్టం. చర్చి డాబా ఎక్కాను. అక్కడా లేదు. ఏటిగట్టు మీదికి పరిగెత్తాను. వాన మొదలైంది. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని నడుస్తూనే ఉన్నాను. నా కళ్ళ ముందు ఒకటే ఉంది. ఆ గదిలో ఏ అడ్డూ లేని అధికారం తెరిచి ఉంది. దాని ముందు, ఆ అధికారం తన దగ్గర లేదని అందరి ఎదుటా చెప్పించుకున్న మనిషి కూర్చుని ఉన్నాడు. కింద ఒక మనిషి ప్రాణం పోతోంది. ఎవరైనా కంగారు పడతారు. ఏదో ఒకటి నొక్కుతారు. ఆయనకి నా మీద కోపం లేకపోయినా నొక్కుతారు. ఇన్నేళ్ళుగా ఆసుపత్రిలో అడుగుపెట్టిన ప్రతి మనిషి వివరం ఆ డిస్కు మీద ఉంది. అది తుడుచుకుపోతే, నకలు ఎక్కించేలోగా కింద ఉన్న మనిషి దక్కడు.

గట్టు మీద పడవ కట్టుకుని కూర్చున్న ఒకాయన నన్ను చూసి లేచాడు.

"ఏటమ్మగారూ, వానలో అలా తిరుగుతున్నారు?"

"ఫోన్ కలవట్లేదండి. అమలాపురం ఆసుపత్రికి మాట్లాడాలి. ప్రాణం మీద ఉంది."

"మీ సిమ్ ఏ కంపెనీదండి? నాది వేరేదండి. ఇది కాస్త అందుతుందండి" అని చొక్కా లోపల ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోన్ తీసి ఇచ్చాడు. తలగుడ్డ విప్పి, నా మీద వాన పడకుండా పట్టుకుని నిలబడ్డాడు.

అక్కగారి నంబరు నాకు నోటికి వచ్చు. రెండుసార్లు కలవలేదు. మూడోసారి కలిసింది.

"ఎవరండీ?" అన్నారు పెద్దాయనగారు.

"నేనే బాబాయిగారూ. వేరే ఫోను."

"ఎఫ్, ఎస్ దాకా విన్నానండి. అక్కడే ఆగేను."

నాకు ఏడుపు వచ్చింది.

ఆ మధ్యలో ఆ గదిలో ఏం జరిగిందో తర్వాత మేట్రన్ అక్కగారు చెప్పారు. ఫోన్ తెగిపోగానే ఆసుపత్రి మేనేజరుగారు మేడ మీదికి వచ్చారు. ఆయన మంచి మనిషే, కంగారు మనిషి. గతంలో కొత్త డిస్కు వేసినప్పుడు ఇంజనీరు పక్కన నిలబడి చూశారు. "నాకు గుర్తుందండి. ఎమ్ కే ఎఫ్ ఎస్ అని కొట్టేడు, చటుక్కున లేచింది. అదే కొట్టేయండి" అన్నారు. అది కొత్త డిస్కుకి చేసేది. అదే తుడిచేసే పనిముట్టు. ఆయనకి ఆ తేడా తెలియదు. పెద్దాయనగారికీ తెలియదు. థియేటరు నుంచి నర్సు రెండుసార్లు వచ్చి పేరు దొరికిందా అని అడిగింది. కింద నుంచి పేషెంటు భార్య ఏడుపు వినబడుతోంది. మేనేజరుగారు గొంతు పెంచారు. "మనిషి పోతున్నాడండి. కూర్చుని చూస్తారేటి?"

పెద్దాయనగారు కీబోర్డు మీద నుంచి రెండు చేతులూ తీసేసి ఒళ్ళో పెట్టుకున్నారట.

"పక్కపక్కనే రెండున్నాయని ఆ అమ్మాయి చెప్పిందండి. ఏది ఏదో నాకు తెలీదు. తెలీనప్పుడు ఈ కుర్చీలో కూర్చున్నవాడు ఏదీ ముట్టుకోకూడదండి" అన్నారు.

"పోనీ లెండి, నేను కొడతాను."

"మీరూ కొట్టకూడదండి. ఆ ఇద్దరమ్మగార్లూ ఇది తెరిచి నా చేతిలో పెట్టేరు. నేను లేచేదాకా ఇది నా పూచీ" అన్నారట. అని కుర్చీని ఇంకాస్త బల్ల దగ్గరికి జరుపుకున్నారట, మధ్యలో ఎవరి చెయ్యీ రాకుండా. ఆయన నుదుటి మీద చెమట కారుతుంటే అక్కగారు తుడిచారు. ఆయన చేతులు మాత్రం పైకి లేవలేదు.

గట్టు మీద నుంచి నేను మిగిలిన అక్షరాలు చెప్పాను. ఆయన మొత్తం ఒకసారి చదివి వినిపించారు. నేను సరే అన్నాను. ఎంటర్ చప్పుడు వినిపించింది. ఆ ప్రోగ్రాము దెబ్బతిన్న ఒక్కోచోటు చూపించి, సరిచెయ్యనా అని అడుగుతుంది. ఆయన ప్రతి ప్రశ్నా ఇంగ్లీషులో అక్షరం అక్షరం చదివారు. "అవుననండి బాబాయిగారూ" అని నేను అన్నాకే వై నొక్కారు. ఒక్కదానికి కూడా తొందరపడి ముందే నొక్కలేదు. నాకే విసుగొచ్చి అన్నిటికీ అవునని చెప్పేద్దామా అనిపించింది. ఆయన నెమ్మదికి సిగ్గుపడి ఊరుకున్నాను.

చివరికి ప్రశ్నలు ఆగాయి.

"ఇప్పుడు ఎగ్జిట్ అని కొట్టండి. రూట్ నుంచి బయటికి వచ్చేస్తారు. యంత్రం మామూలుగా లేస్తుంది."

కొంతసేపు ఏమీ వినబడలేదు. తర్వాత ఆయన, "పేరు అడుగుతుందండి" అన్నారు. నేను ఏమనే లోపే, "నా పేరు కొట్టేనండి. నా మామూలు పేరే" అన్నారు. ఇంకో నిమిషానికి ఆయన ఒక మందు పేరు గట్టిగా చదివారు. అక్కగారి అడుగులు మెట్ల మీద పరిగెత్తడం వినిపించింది.

మత్తు డాక్టరుగారు సిద్ధం చేసి ఉంచిన ఇంజెక్షన్లలో ఆ మందు కూడా ఉందట. దాన్ని తీసేసి వేరేది ఇచ్చారు. మధ్యాహ్నం దాటాక అక్కగారు పడవాయన నంబరుకే ఫోన్ చేసి, ఆపరేషన్ అయిందని, మనిషి ఊపిరి బాగుందని చెప్పారు. పడవాయన ఆ మాట నాకు చెప్పడానికి మా పెద్దమ్మ ఇంటి దాకా నీళ్ళలో నడుచుకుంటూ వచ్చాడు. ఎవరో ఏమిటో తెలియని మనిషి బతికాడని చెప్పి, కాసేపు నవ్వుతూ నిలబడి వెళ్ళాడు.

ఇంజనీర్లు రాసిన పుస్తకాలు నేను చాలా చదివాను. అధికారం ఉన్న పనులు, లేని పనులు ఎలా విడదియ్యాలో వాటిల్లో వివరంగా ఉంటుంది. మనిషి చెయ్యి జారుతుందని తెలిసినవాళ్ళు వాటిని కట్టారు. వాళ్ళంటే నాకు ఎప్పటికీ గౌరవమే. కాని అన్ని అడ్డులూ తీసేసి, అన్నీ తెరిచిపెట్టి కూర్చోపెట్టినప్పుడు, తనంతట తాను చేతులు ఒళ్ళో పెట్టుకునే మనిషి ఉంటాడని ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. దాన్ని ఏ సిస్టమ్‌లోనూ ఎవరూ రాసిపెట్టలేరు. అది నేను అమలాపురంలో చూశాను. చూడలేదు, విన్నాను. నాకు అదీ చాలు.

వరద నీళ్ళు తీశాక ఆసుపత్రికి వెళ్ళాను. ల్యాబులో పెద్దాయనగారు మైక్రోస్కోపు మీద వంగి ఉన్నారు. నేను వెళ్ళి నిలబడ్డాను. ఆయనే తలెత్తకుండా, "మీ పెద్దమ్మగారి కార్యక్రమం సవ్యంగా జరిగిందా అమ్మా?" అని అడిగారు.

"జరిగిందండి బాబాయిగారూ."

"కూర్చోండి. కాఫీ తెప్పిస్తాను."

అంతే. ఆ రోజు సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కొన్నాళ్ళకి పెద్ద డాక్టరమ్మగారు మా ఇద్దరినీ పిలిచారు. నేను లేనప్పుడు చూసుకునే మనిషి ఇంకొకరు ఉండాలని, ఆ అధికారం పెద్దాయనగారికి ఇవ్వమని అన్నారు. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు ఆలోచించారు.

"ఇస్తే తీసుకుంటానండి. కాని ఆ పెద్ద అధికారానికి వేరే పేరు పెట్టండి. నా పేరు మామూలుగానే ఉంచెయ్యండి. రోజూ నేను దాంతోనే వస్తాను" అన్నారు.

మాస్టారు మాకు నేర్పిన ఆ పాఠం నేను ఆయనకి చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మగారు నా వైపు చూశారు. నేను తల వంచుకుని రాసుకున్నాను.

ఆయన రిటైరయ్యేదాకా ఆ రెండో పేరు ఆయన దగ్గరే ఉంది. దాంతో లోపలికి వచ్చిన సందర్భాలు తక్కువ. నేను సెలవులో ఉన్నప్పుడో, ఒంట్లో బాగోలేనప్పుడో మాత్రమే. అలా వచ్చే ప్రతిసారీ ముందు నాకు ఫోన్ చేసేవారు. ఏం పనో, ఏ పనిముట్టో చెప్పి, నేను సరే అన్నాక, "వెళ్తున్నానండి" అనేవారు. ఫోన్ పెట్టేసేవారు కాదు, బల్ల మీద ఉంచేవారు. నేను అవతల కీబోర్డు చప్పుడు వింటూ ఉండేదాన్ని. పని అయ్యాక ఆ పేరు వదిలేసి మళ్ళీ ఫోన్ తీసి, కాస్త ఊపిరి తీసుకుని, "వచ్చేసేనండి" అనేవారు.